అచ్చాయమ్మ బొటనవేలు

మండపేట చేపల మార్కెట్లో అచ్చాయమ్మ బొటనవేలికున్న పరపతి తహసీల్దారు గారి సంతకానికి కూడా లేదు. చేప వీపు మీద ఆ వేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కిందంటే చాలు, అది నీళ్లలోంచి ఎప్పుడు పైకొచ్చిందో, ఐసులో ఎంతసేపు పడుకుందో, ఈ పూట కూరకి పనికొస్తుందో లేక పిల్లికి పారెయ్యాలో చెప్పేసేది. నొక్కిన చోట గుంట పడి వెంటనే లేచిందా, తాజా సరుకు. పడిన గుంట అలాగే ఉండిపోయిందా, నిన్నటిది. అసలు గుంటే పడలేదా, అది ఐసు గట్టితనం, ఎండ తగిలితే దాని బండారం బయటపడుతుంది.

“బిగువు వేరండి, బిర్రు వేరండి,” అనేది కొనడానికొచ్చినవాళ్లతో. “బిగువంటే ప్రాణం. బిర్రంటే ఐసు. గట్టిగా ఉంది కదా అని మోసపోకండి.”

తన గంపలో చేపైనా సరే, బాగాలేకపోతే బాగాలేదనే చెప్పేది. పక్కనే కూర్చుని అమ్మే బేబి తల బాదుకునేది. “నీ చేపని నువ్వే ఆడిపోసుకుంటే ఎవరు కొంటారు వదినా?” అని. “అబద్ధమాడి అమ్మితే మళ్లీ ఆదివారం వాళ్ల మొహం ఎలా చూడనే?” అనేది అచ్చాయమ్మ. ఇరవై రెండేళ్లలో ఆ వేలు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కానీ ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ వేలు పెట్టి చూడాల్సిన చోట మాత్రం ఎనిమిది నెలలుగా పెట్టి చూడలేదని ఆషాఢమాసంలో ఓ ఆదివారం నాడు తేలింది.

ఆ పూట జల్లు పడుతూనే ఉంది. రేకుల షెడ్డు కింద జనం గొడుగులు ముడుచుకుని ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. జొన్నాడ రేవులో మొగుడు బుల్లియ్య పొద్దున్నే వల ఎత్తి ఇచ్చిన చేపల్ని ఆటోలో వేసుకుని, కూతురు సాయిదుర్గని వెంటబెట్టుకుని వచ్చింది అచ్చాయమ్మ. కత్తిపీట మీద కుడికాలు తొక్కిపట్టి గొంతుక్కూచుని బొచ్చె తలకాయ రెండు చెక్కలు చేస్తోంది. పొలుసు గీకే పని సాయిదుర్గది. చిన్నప్పట్నుంచీ ఆదివారం ఆదివారం చేసేదే. జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది.

“కూర్చోవే. మాస్టారు ఎంతసేపట్నుంచి నిలబడ్డారో చూడు,” అంది అచ్చాయమ్మ తలెత్తకుండా.

సంచీ పట్టుకుని నిలబడ్డ రమేష్ బాబు మాస్టారు పర్లేదమ్మా అన్నట్టు నవ్వారు.

“ఆ బల్ల మీద పెట్టుకుని నిలబడి గీకుతానమ్మా,” అంది సాయిదుర్గ.

“బల్ల మీదా? టేబులూ కుర్చీ కూడా వేయించమంటావా తల్లీ? ఫ్యాను కూడా పెట్టించేదా?”

బేబి కిసుక్కున నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సాయిదుర్గ మొహం ఎర్రబడింది.

“కాలు మడవట్లేదమ్మా. చెప్తున్నాను కదా.”

“ఆ కాలి కథ ఇంకా అవ్వలేదా? రాజమండ్రిలో డాక్టరు గారు ముక్క తీసి మిషన్లో పెట్టి చూసి, ఏమీ లేదని కాయితం మీద రాసిచ్చారు కదే! ఆ కాయితం పెట్లో ఉంది, తెచ్చి చదవనా? మొన్నేమో సైకిలు తొక్కలేనన్నావు. స్కూటీ కోసం ఎత్తులని నాకు తెలీదనుకున్నావా? ఇప్పుడు కూర్చోలేనంటున్నావు. కాలేజీ మెట్లెక్కగానే చేపల దగ్గర కూర్చోడానికి నామోషీ వచ్చేసింది. ఈ చేపలే కదే నిన్ను పెంచింది!”

అని ఊరుకుంటే సరిపోయేది. కోపం ఆగింది కాదు. లేచి, చేపనీళ్ల చేతులతోనే కూతురి రెండు భుజాలూ పట్టుకుని కిందికి అదిమింది. ఎడమకాలు మడిచింది పిల్ల. కుడికాలు మడత పడలేదు. కర్రలా అలాగే ముందుకు తన్నుకుని ఉండిపోయింది. పిల్ల పక్కకి ఒరిగి, పొలుసూ నెత్తురూ కలిసిన ఐసు నీళ్లలో దబ్బున పడింది.

పడ్డాక కూడా ఆ కాలు మడవలేదు. నవ్విన మొహాలన్నీ ఒక్కసారి మాడిపోయాయి. మాస్టారు సంచీ కిందపడేసి, “అయ్యయ్యో, అచ్చాయమ్మా, ఆ కాలు చూడు తల్లీ,” అన్నారు. బేబి గబగబా వచ్చి చంకల కింద చేతులేసి లేపింది. సాయిదుర్గ ఏడవలేదు. చెంపకంటుకున్న పొలుసు ఒకటి గోటితో తీసేసుకుంది.

“నేను చెప్పాను కదమ్మా,” అంది అంతే.

బొచ్చె తలకాయ సగం తెగి కత్తిపీటకి అలాగే వేళ్లాడుతోంది. అచ్చాయమ్మ అమ్మకం బేబికి అప్పగించి, కూతుర్ని ఆటో ఎక్కించి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరింది. సీట్లో కూర్చున్న సాయిదుర్గ కాలు ఆటో బయటికి చాచి ఉంది. జల్లుకి ఆ పాదం తడుస్తోంది. ఆ కాలిని లోపలికి తీసుకోమని ఆదివారం ఆదివారం తిట్టేదాన్నని అచ్చాయమ్మకి గుర్తొచ్చింది.

ఇంటి వెనక తాటాకు దడి కట్టిన స్నానాల గది. “నేను నీళ్లు పోస్తాను రా,” అంది తల్లి.

“నేను పోసుకుంటాలే.”

“వంగి పాదాలు ఎలా కడుక్కుంటావే?”

సాయిదుర్గ దడి వైపు చెయ్యి చూపించింది. అక్కడ వల కట్టే వెదురు బద్ద ఒకటి దోపి ఉంది. దాని చివర పాత తువ్వాలు ముక్క చుట్టి, వల దారంతో బిగించి కట్టి ఉంది. అచ్చాయమ్మ ఆ బద్దని సంక్రాంతి ముందు నుంచీ చూస్తూనే ఉంది. బొక్కెన తోముకోడానికి బుల్లియ్య పెట్టుకున్నాడేమో అనుకుంది. ఓసారి దాంతో నాచు కూడా గీకింది. ఆర్నెల్లుగా ఆ బద్దతో పిల్ల తన పాదం తను అందుకుంటోందని ఇప్పుడు తెలిసింది.

“చూపించవే తల్లీ,” అంది. సాయిదుర్గ లెగ్గింగు పైకి జరిపింది.

తొడ సగం నుంచి పిక్క కింది దాకా చర్మం గోధుమరంగు తిరిగి నున్నగా మెరుస్తోంది. అక్కడక్కడ సొట్టలు పడి, బత్తాయి తొక్కలా ఉంది. ఆ కాలి పిక్క రెండో కాలి పిక్కలో సగం కూడా లేదు. అచ్చాయమ్మ చెయ్యి చీరకి తుడుచుకుంది. బొటనవేలు పెట్టి నొక్కింది. గుంట పడలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. వేలి గోరు తెల్లబడింది కానీ కాలు మీద గుంట మాత్రం పడలేదు. లోపల ఏదో చెక్క ఉన్నట్టుంది. చర్మం పట్టుకుని పైకి లాగబోతే కండకి అతుక్కుపోయి చేతికి రాలేదు.

బిర్రు, అనుకుంది. ఐసు గట్టి.

ఈ పిల్లకి స్నానం చేయించడం మానేసి ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో ఆ వేలు ఎన్ని వేల చేపల్ని నొక్కిందో లెక్కలేదు. ఒక్కసారి ఈ కాలి మీద పెట్టలేదు. “పిక్కలు బిగుసుకుపోతున్నాయమ్మా” అని దసరా సెలవుల్లో పిల్ల మొదటిసారి అన్నప్పుడు, “ఎదిగే వయసు, పట్టేస్తాయిలే, నూనె రాసుకో” అని చేపల లెక్కలో పడిపోయింది. దడి పట్టుకుని నిలబడి అచ్చాయమ్మ ఏడ్చింది. తల మీద జల్లు పడుతుండగా సాయిదుర్గ ఎటో చూస్తూ నిలబడింది. ఓదార్చలేదు, కసురుకోలేదు.

మర్నాడు పొద్దున్నే బుల్లియ్య పడవ కట్టేసి, ఇద్దర్నీ కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. చర్మం జబ్బుల ఓపీలో డాక్టరు లావణ్య గారు చూశారు. నలభై దాటిన మనిషి. తొందరపడలేదు. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి ముందు కళ్లు మూసుకోమని, దూదితో కాలంతా తాకుతూ “తెలుస్తోందా, ఇక్కడ?” అని అడిగారు. అన్ని చోట్లా తెలుస్తోందంది సాయిదుర్గ. టేపుతో రెండు కాళ్లూ కొలిచారు. చలికి వేళ్లు నీలంగా అవుతాయా, అన్నం మింగేటప్పుడు అడ్డం పడుతోందా, ఆయాసం వస్తుందా అని అడిగి, లేదన్నవన్నీ కూడా రాసుకున్నారు. తర్వాత కాలు పైకి ఎత్తి పట్టుకున్నారు. నరం ఉన్న చోట చర్మం లోపలికి గాడి పడింది. ఆవిడ ఆ గాడి వెంట వేలు పోనిచ్చారు.

“ఎప్పట్నుంచమ్మా ఇది?” అని అచ్చాయమ్మ వైపు తిరిగారు.

ఏ చేప ఏ వేళకి నీళ్లు వదిలిందో చెప్పగల మనిషి కొంగు నలుపుకుంటూ నిలబడిపోయింది.

“దసరా సెలవుల నుంచండి,” అంది సాయిదుర్గ బల్ల మీంచి. “దుర్గాష్టమికి ముందు రోజు సైకిలు తొక్కుతుంటే మొదట తెలిసిందండి.”

డాక్టరు గారు రాజమండ్రి క్లినిక్కు కాయితం తీసి చదివారు. “ఇందులో ఏమీ లేదని రాసింది నిజమేనమ్మా. వాళ్లు పైతోలు ముక్క తీశారు. జబ్బు అక్కడ లేదు. ఇంకా లోతుగా ఉంది. తోలు కింద కొవ్వు, దాని కింద కండని చుట్టుకుని ఉండే తెల్లటి పొర. అక్కడిదాకా కోసి ముక్క తీస్తేనే తెలుస్తుంది. లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది. నేనే ఇలాంటివి నాలుగో ఐదో చూసుంటాను.”

“పొలుసు చూసి చేప బాగుందన్నట్టండి,” అంది అచ్చాయమ్మ.

“అంతేనమ్మా,” అన్నారావిడ ఆశ్చర్యంగా చూసి.

“పెద్దరోగమాండీ?” అని బుల్లియ్య గొంతు తగ్గించి అడిగాడు.

“కుష్టు కాదండి. స్పర్శ బాగా తెలుస్తోంది. ఇది అంటుకునేది కాదు. నిక్షేపంగా పక్కన కూర్చుని తినండి.”

ముక్క తియ్యాల్సింది జబ్బు కొత్తగా పాకుతున్న అంచు దగ్గరట. ఆవిడ పిక్క కింద వేళ్లతో తడుముతూ నీలం మార్కరుతో గీత గీయడం మొదలుపెట్టారు. అచ్చాయమ్మ ఉండబట్టలేకపోయింది.

“అక్కడ కాదండి మేడమ్ గారూ. ఇంకా కిందికుందండి.”

నర్సు కళ్లెర్రజేసింది. డాక్టరు గారు మాత్రం మార్కరు ఆపి, “మీరేం పని చేస్తారమ్మా?” అని అడిగారు.

“చేపలమ్ముతానండి.”

“అయితే చూపించండి.”

అచ్చాయమ్మ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చింది. బొటనవేలు పెట్టి పిక్క మీంచి కిందికి గోరంత గోరంత జరుపుతూ వచ్చింది. బిర్రు. బిర్రు. బిర్రు. ఇక్కడ కాస్త సడలింది. ఇక్కడ గుంట పడింది కానీ లేవడానికి ఆలోచిస్తోంది. ఇదిగో ఇక్కడ గుంట పడి వెంటనే లేచింది. “ఇదండీ గట్టు,” అంది. చీలమండకి నాలుగు వేళ్ల పైన. డాక్టరు గారు అదే చోట తను కూడా నొక్కి చూసుకుని, మొదటి గీత స్పిరిటు దూదితో చెరిపేసి, ఆ వేలి పక్కన కొత్త గీత గీశారు. సాయిదుర్గ తల ఎత్తి తల్లి వేలునే చూస్తోంది.

మర్నాడు అక్కడే మత్తుసూది వేసి, లోతుగా కోసి ముక్క తీశారు. కుట్లు వేస్తున్నంతసేపూ అచ్చాయమ్మ కూతురి చెయ్యి పట్టుకునే నిలబడింది. చెయ్యి పట్టుకోనిచ్చింది గానీ, సాయిదుర్గ తిరిగి పట్టుకోలేదు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. జబ్బు పేరు డీప్ మోర్ఫియా అన్నారు డాక్టరు గారు. ఆ పేరు బుల్లియ్య మూడుసార్లు అనిపించుకున్నా నోరు తిరగలేదు. ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తే మతి తప్పి, సొంత కండ మీద పొరని గట్టిపరిచేస్తుందట. నాలుగు వారాలు ఇంజక్షన్లు, వారానికోసారి వేసుకునే మాత్రలు, రోజూ కాలికి కసరత్తు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ నెలనెలా రక్తపరీక్ష.

సాయిదుర్గని కసరత్తు గదికి పంపించాక అచ్చాయమ్మ గుమ్మం దగ్గర ఆగింది. “మేడమ్ గారూ, మేం సొరచేప నూనె రాశామండి. ఊక వేయించి కాపడం పెట్టాం. దాని వల్లాండీ? చేపనీళ్ల వల్లా? నేను భుజాలు పట్టుకుని అదిమేశానండి, దాని వల్లా?”

“ఎవరి వల్లా రాలేదమ్మా. ఎందుకొస్తుందో మాకే సరిగ్గా తెలీదు. కాకపోతే…” అని ఆవిడ ఆగారు.

“చెప్పండమ్మా. నేను ఎవరికీ ఏదీ దాచే మనిషిని కాను. నాక్కూడా దాచకండి.”

డాక్టరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు. “ఎనిమిది నెలల కిందట పట్టుకుని ఉంటే మోకాలు మిగిలేదమ్మా. మందు జబ్బుని ఆపుతుంది. ఇప్పటికే పట్టేసినదాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు. కాస్త వంగొచ్చు. కింద మడిచి కూర్చోవడం అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇప్పుడు మనం కాపాడుకోవాల్సింది చీలమండ. అదీ పట్టేస్తే నడక కూడా పోతుంది. మందు ఒంటికి పట్టడానికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా ప్రతి ఆదివారం మీరే నొక్కి చూడండి. గీత దాటి కిందికొస్తే మర్నాడే వచ్చెయ్యాలి, మందు పెంచాలి. దాచిపెట్టి ఆలస్యం చేస్తే ఆ పిల్లకే నష్టం.”

నీలం మార్కరు ఇచ్చి పంపించారు. రోజూ స్నానం చేశాక చెరిగిపోకుండా సాయిదుర్గే గీత మీద గీత దిద్దుకునేది. కాలు చాచి మంచం అంచున కూర్చుని, చిన్న అద్దం పాదం దగ్గర పెట్టుకుని దిద్దేది. తల్లి దిద్దుతానంటే వద్దనేది. మాట్లాడటం మానలేదు గానీ, అన్నం పెట్టు, మాత్ర ఇవ్వు అన్నంత వరకే మాట్లాడేది. ఆ నాలుగు ముక్కలు వినడానికి అచ్చాయమ్మ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. మార్కెట్లో ఎవరైనా చేప చూపించి “ఎలా ఉంది అచ్చాయమ్మా?” అంటే, “మీరే చూసుకోండి బాబూ,” అనడం మొదలుపెట్టింది. బేబి విని, “ఇదేంటి వదినా, నువ్వేనా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నొక్కి చూడమన్న మొదటి ఆదివారం అచ్చాయమ్మ మార్కెట్‌కి వెళ్లలేదు. పొద్దున్నే టీలయ్యాక కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుంది. వాన తెరిపిచ్చి, తలుపులోంచి ఎండ సాయిదుర్గ కాలి మీద పడుతోంది. బుల్లియ్య వల ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. వల చేతిలో ఉందే గానీ బాగుచెయ్యడం లేదు.

పైనుంచి మొదలుపెట్టింది. బిర్రు. బిర్రు. గోరంత గోరంత కిందికొచ్చింది. గీత వచ్చింది. గీత మీద వేలు పెట్టి నొక్కింది. గుంట పడలేదు.

వేలు తీసి చీరకి తుడుచుకుని మళ్లీ నొక్కింది. పడలేదు. గీత కిందికి జరిపింది. అక్కడా బిర్రే. ఇంకాస్త కింద గుంట పడి, లేవడానికి ఆలోచించింది. గట్టు ఒక వేలెడు కిందికి జరిగిపోయింది. చీలమండకి ఇక మూడు వేళ్లే.

అచ్చాయమ్మ తల ఎత్తలేదు. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుందనిపించింది. బాగానే ఉందమ్మా అంటే ఈ పూట పిల్ల ఇంత అన్నం తింటుంది, నవ్వుతుంది కూడానేమో. రేపు ఏదో పరీక్షకని చెప్పి కాకినాడ తీసుకుపోవచ్చు. పిల్ల నిద్రపోతున్నప్పుడు గీతనే కాస్త కిందికి దిద్దేస్తే సరి. మార్కరు తన చేతిలోనే ఉంది.

“ఏమైందమ్మా?” అంది సాయిదుర్గ.

అచ్చాయమ్మ మార్కరు మూత అటూ ఇటూ తిప్పుతోంది.

“చేప సంగతైతే ఉన్నదున్నట్టు చెప్తావుగా,” అంది సాయిదుర్గ మళ్లీ.

బుల్లియ్య గుమ్మంలోంచి, “అచ్చీ,” అన్నాడు మెల్లగా. వద్దనో, చెప్పమనో ఆయనకే తెలీదు.

“దాటిందే,” అంది అచ్చాయమ్మ. “వేలెడు దాటింది.”

అని రెండు చేతులతోనూ ఆ పాదాన్ని పట్టుకుని, తల దాని మీద ఆనించి ఏడ్చింది. “నీ కాలు చూడకుండా ఊరి చేపలన్నీ చూశానే తల్లీ. నిన్ను అబద్ధాలకోరువన్నానే. జనంలో నిలబెట్టి కిందికి అదిమేశానే,” అంటూ ఏడ్చింది. బుల్లియ్య వల పక్కన పడేసి లేచాడు కానీ ఎటు రావాలో తెలీక అక్కడే నిలబడ్డాడు.

సాయిదుర్గ కూడా ఏడ్చింది, చప్పుడు లేకుండా. కాసేపటికి కళ్లు తుడుచుకుని, వంగలేదు కాబట్టి చెయ్యి చాచి, అందినంత మేర తల్లి తల మీద వేళ్లు ఆనించింది. మార్కెట్లో పడ్డ రోజు తర్వాత తనంతట తాను తల్లిని తాకడం అదే మొదలు.

“లేమ్మా. రేపు పొద్దున్నే వెళ్దాం. నాన్నా, ఆటోకి చెప్పు.”

“ఆఁ,” అన్నాడు బుల్లియ్య.

“ఇంకోసారి సరిగ్గా చూడమ్మా అని అడగవేంటే?” అంది అచ్చాయమ్మ వెక్కుతూ. “నా వేలు తప్పేమో అనైనా అనవేంటే?”

“ఎందుకంటాను?” అంది సాయిదుర్గ. ఆ గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. “నేను చెప్పినప్పుడు నువ్వు నమ్మలేదు. నువ్వు చెప్తే నేను నమ్మాను, అంతే. గియ్యి.”

అచ్చాయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మార్కరు మూత తీసింది. ఎడం చేత్తో కూతురి పాదం కదలకుండా పట్టుకుని, బొటనవేలు ఆగిన చోట, పాత గీతకి వేలెడు కింద, కొత్త గీత గీసింది.